పోస్టర్ కింది అంచు

మా సంతలో పోస్టర్ చేతికి తీసుకున్నవాళ్ళు ఎవరైనా ముందు బొమ్మ చూస్తారు. రంగులు వెలిశాయా లేదా చూస్తారు, ఏ బృందం పేరు ఎంత పెద్దగా ఉందో చూస్తారు, నాలాంటి పాతకాపులైతే వాసన కూడా చూస్తారు. లొరెటా కుచిన్‌స్కీ మాత్రం దాన్ని బోర్లా తిప్పి కింది రెండు మూలలూ చూసేది. అక్కడ పిన్ను గుచ్చిన చిల్లులుంటే బేరంలోకి దిగేది. లేకపోతే ఎంత అందమైన పోస్టరైనా సరే, బల్ల మీద పెట్టేసి ముందుకు నడిచేది.

దీని మీద మావాళ్ళు ఆమెను ఏడిపించని నెల లేదు. పాత రాక్ కచేరీల కాగితాలు పోగేసేవాళ్ళకి చిల్లంటే జబ్బుతో సమానం. పోస్టర్ నలగకూడదు, మడత పడకూడదు, గోడెక్కకూడదు. ప్రెస్సులోంచి వచ్చింది వచ్చినట్టు బీరువాలో పడి ఉండాలి. అలాంటిదైతే కళ్ళకద్దుకుని కొంటారు. లొరెటా దగ్గరున్నవన్నీ కరెంటు స్తంభాల మీద ఎండకి ఎండి, వానకి తడిసినవి. ‘చిల్లుల లొరెటా’ అని పేరు పెట్టింది మా హాలువాళ్ళే. ఆమెకి వినబడేట్టే అనేవాళ్ళు. ఆమె పట్టించుకునేది కాదు. సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి. వెనక సీట్లలో ఎవడేం వాగినా అద్దంలో ఓ చూపు చూసి ఊరుకోవడం ఆమెకి ఉద్యోగం నేర్పిన విద్య.

నా పేరు క్లెమ్ బార్చక్. విస్కాన్సిన్ రాష్ట్రంలోని మిల్వాకీలో దక్షిణం వైపు పుట్టాను, అక్కడే ముసలివాణ్ణయ్యాను. నేను అమ్మేవీ కొనేవీ గేటు దగ్గర చింపి చేతికిచ్చిన టికెట్ ముక్కలు. నెలకోసారి, ఆదివారం పూట, పోలిష్ క్లబ్బు హాల్లో మా కాగితాల సంత జరుగుతుంది. నా బల్లా లొరెటా బల్లా పక్కపక్కనే. ఆమె పొట్టి మనిషి, భుజాలు వెడల్పు. నవ్వితే హాలంతా వినిపించేది. దేనికైనా పట్టుపట్టిందంటే మాత్రం గొంతు తగ్గిపోయేది. గొంతు తగ్గిందంటే మేం జాగ్రత్తపడేవాళ్ళం.

ఆ కింది మూలల కథ ఆమె నాకు చెప్పడానికి చాలా ఏళ్ళు పట్టింది.

లొరెటాకి ఆరేళ్ళు పెద్దదైన అక్క ఉంది, వెర్నా. తండ్రి తోళ్ళ ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. వెర్నా హైస్కూల్లో ఉండగా ఇంకో ముగ్గురు అమ్మాయిల్ని కూడగట్టుకుని పాటల బృందం కట్టింది. టిన్ స్పారోస్ అని పెట్టుకున్నారు, రేకు పిచ్చుకలన్నమాట. వెర్నా డ్రమ్స్ వాయించేది. ఆ రోజుల్లో ఆడపిల్ల డ్రమ్స్ ముందు కూర్చుంటే వీధిలో అమ్మలక్కలు బుగ్గలు నొక్కుకునేవారు. చర్చిలో ఫాదర్ వాళ్ళమ్మని పక్కకి పిలిచి మాట్లాడాడు కూడా. వాళ్ళమ్మ అన్నిటికీ తలూపి, ఇంటికొచ్చి, డ్రమ్స్ కింద పాత దుప్పటి పరిచి, తలుపేసుకుని వాయించుకోమంది.

అరవై తొమ్మిది చలికాలంలో స్కైలైట్ డాన్సు హాలుకి కార్బైడ్ సెయింట్స్ అనే రాక్ బృందంవాళ్ళు వచ్చారు. వాళ్ళంటే అప్పుడు కుర్రకారుకి వెర్రి. ఆ కచేరీ పెట్టించిన రస్ గెబ్‌హార్ట్, పెద్దవాళ్ళు వేదిక ఎక్కేముందు కాసేపు వాయించడానికి ఈ అమ్మాయిల్ని పిలిచాడు. డబ్బు ఇవ్వలేనన్నాడు. పోస్టర్ మీద పేరు వేయిస్తానన్నాడు. వెర్నాకి కావలసింది కూడా అదే.

కచేరీకి ముందు వారంలో, బడి నుంచి వస్తూ, బేకరీ ముందున్న స్తంభం మీద లొరెటా ఆ పోస్టర్ చూసింది. అప్పుడు పదకొండేళ్ళ పిల్ల. పైన ఎర్రటి పెద్ద అక్షరాల్లో కార్బైడ్ సెయింట్స్. అన్నిటికన్నా అడుగున, టికెట్లు దొరికే దుకాణాల పేర్ల పక్కన, చీమల్లాంటి అక్షరాల్లో టిన్ స్పారోస్. చెయ్యి చాస్తే కింది అంచు వరకే అందింది. లాగితే అక్క పేరే చిరిగిపోతుందని భయపడి వదిలేసింది. ఇంటికి పరుగెత్తి, అక్కని చెయ్యిపట్టి లాక్కొచ్చేసరికి స్తంభానికి పిన్నులు తప్ప ఏమీ మిగల్లేదు. సెయింట్స్ వెర్రి ఉన్నవాడెవడో పీక్కుపోయాడు.

అమ్మాయిలు వాయించారు. బాగానే వాయించారట. ఒక్క పోస్టర్ ఇప్పించమని వెర్నా అడిగితే, అన్నీ అయిపోయాయన్నాడు గెబ్‌హార్ట్. ఆ తర్వాత కొన్నాళ్ళకి, పటాలు కట్టే ఓర్విల్ షూట్ దుకాణం అద్దాల వెనక ఆ పోస్టరే పటంలో కనిపించింది. వెర్నా అద్దానికి ముక్కు ఆనించి పై నుంచి కిందిదాకా చదివింది. వాళ్ళ పేరు లేదు. ఆ వసంతంలో డ్రమ్స్ అమ్మేసింది. బృందం చెదిరిపోయింది. మాటిచ్చి మోసం చేశారన్న బాధ ఆ పిల్ల గుండెలో అలాగే ఉండిపోయింది. ‘నేను చూశానక్కా, ఉంది’ అని లొరెటా ఏడ్చింది. ‘నన్ను ఊరుకోబెట్టడానికి కథలు చెప్పకు’ అంది వెర్నా.

అది మొదలు ఆ ఇంట్లో అదో ఎత్తిపొడుపు అయిపోయింది. పెళ్ళి చేసుకోని వెర్నా, మొగుడు పోయిన లొరెటా తండ్రి కట్టిన ఇంట్లోనే ఉండేవారు. పైభాగం అక్కది, మెట్లు దిగితే వచ్చే కిందిభాగం చెల్లెలిది. మంచు పడబోతోందని లొరెటా అంటే, వెర్నా కిటికీ తెర తీసి చూసుకుని గానీ నమ్మేది కాదు. ‘ఏం, పోస్టర్ చూసినట్టే చూశావా?’ అనేది. విన్నవాళ్ళు నవ్వేవారు, లొరెటా కూడా నవ్వేది. కానీ తన మాటని సొంత అక్కే నమ్మకపోవడం ఆమెకి మంటగా ఉండేది. ఆ మంటే ఆమెని మా సంతకి తీసుకొచ్చింది.

ఇక్కడ ఆ పోస్టర్ మొదటిసారి చేతికొచ్చినప్పుడు అడుగున పేరు లేదు. రెండోది చూసింది, మూడోది చూసింది, దేని మీదా లేదు. ఇంకొకరైతే తమ కళ్ళనే అనుమానించుకునేవారు. లొరెటా దాన్ని బోర్లా తిప్పి నా ముందు పెట్టింది.

“క్లెమ్, పైన రెండు మూలల్లో చిల్లులున్నాయి కదా. కింద లేవేం?”

“పైన మాత్రమే కొట్టుంటారు.”

“మిల్వాకీలో పుట్టావా, ఫ్లోరిడాలో పుట్టావా? ఈ గాలికి పైన రెండు పిన్నులతో పోస్టర్ ఓ పూటైనా నిలుస్తుందా? నలుమూలలా కొట్టుంటారు. ఆ అడుగు ఎవరో కోసేశారు.”

అప్పుడు వెలిగింది నాకు. షూట్ దుకాణంలో పటాలన్నీ ఒకటే కొలత. పోస్టర్ పొడుగైతే పటం మార్చడు, పోస్టర్నే కోస్తాడు. అడుగున ఉండేవి దుకాణాల పేర్లే కదా అని ఆయన లెక్క. ఆ కాలంలో ఊళ్ళో అందరూ ఆయన దగ్గరికే వెళ్ళేవారు. ఇంకా సిగ్గుచేటైన సంగతేమిటంటే, లొరెటా మా సంతకి రాకముందు ఓసారి కెనోషా ఊరి నుంచి ఒకాయన అదే పోస్టర్ కొయ్యనిది తెచ్చాడు. మా పెద్దలు టేపు పెట్టి కొలిచి, అసలుది ఇంత పొడుగుండదు, ఇది నకిలీ అని తేల్చేశారు. ఆయన ఇంటికెళ్ళి, ‘సరైన’ కొలతకి కత్తిరించుకుని మళ్ళీ తెచ్చాడు. ఈసారి అందరూ మెచ్చుకున్నారు. పోస్టర్లు పోగేసేవాళ్ళు తప్ప ఇంకెవరూ చేయలేని తెలివితక్కువ పని అది.

అందుకే ఆమె మూలలు చూసేది. కింద చిల్లులుంటే ఆ కాగితం నిండుగా ఉన్నట్టు. తనకి కావలసింది ఒకటే అయినా, వెతుకులాటలో దొరికిన నిండు పోస్టర్లన్నీ కొనేది. అడుగున ఉన్న పేరు ఎవరిదో పైకి చదివేది. ఎవరూ విని ఉండని పేర్లు, ఏ ఊరి కుర్రాళ్ళో. ‘పాపం, వీళ్ళూ వాయించారు’ అని అట్టల మధ్య పెట్టుకునేది. అలా ఒక పెద్ద నల్ల సంచీ నిండింది.

మా సంతలో ఒక రివాజుంది. ఎవరూ రాసి పెట్టింది కాదు, అయినా దాన్ని మీరినవాడికి బల్ల దొరకదు. ఒక కాగితం ఒకరి చేతిలో ఉన్నంతసేపూ దాని గురించి ఇంకొకరు నోరెత్తకూడదు. అమ్మేవాడు కూడా చేతిలోంచి లాక్కోకూడదు, ఇంకొకరికి అమ్మకూడదు. బల్ల మీద దించారా, ఇక అది ఎవరికైనా దక్కవచ్చు. ముక్కు చీదుకోవడానికి దించి పోగొట్టుకున్నవాళ్ళున్నారు. తుమ్ము మింగేసినవాళ్ళూ ఉన్నారు.

ఓ ఫిబ్రవరి ఆదివారం వార్డ్ హాలిస్టర్ వచ్చాడు. పక్క రాష్ట్రం ఇలినాయ్ మనిషి. ఇలినాయ్ వాళ్ళ మీద మాకు పెద్దగా ప్రేమ ఉండదు, వాళ్ళకీ అది తెలుసు. సరుకు మాత్రం మంచిది తెస్తాడు. జనం ఇంకా కోట్ల మీది మంచు దులుపుకుంటున్నారు. ఎదుటి వరసలో హాలిస్టర్ బల్ల దగ్గర లొరెటా ఒక పోస్టర్ బోర్లా తిప్పడం చూశాను. మూలలు చూసింది. మళ్ళీ తిప్పింది. ఆ తర్వాత కదల్లేదు. నేను బల్ల వదిలేసి వెళ్ళాను.

నలుమూలలా చిల్లులు. పైన ఎర్రటి అక్షరాలు. అడుగున నేను కళ్ళద్దాలు సర్దుకుని చదివాను. టిన్ స్పారోస్.

“ఉంది క్లెమ్,” అంది లొరెటా. గొంతు తగ్గిపోయింది.

“అది అయిపోయింది తల్లీ,” అన్నాడు హాలిస్టర్. “డాక్టర్ ప్రూయిట్‌గారికి ఇస్తానని మాటిచ్చాను. మధ్యాహ్నం వస్తారు. చూశావుగా, ఇక దించు.”

“ఇస్తానన్నావు. ఇవ్వలేదు కదా?”

“మాటంటే మాటే.”

“చెయ్యంటే చెయ్యే. ఇది నా చేతిలో ఉంది. నా సంచీలోంచి నీకు నచ్చినవి తీసుకో, మారకం వేద్దాం.”

“నీ చిల్లుల గుడ్డలు నాకెందుకు? నేను మారకాలు చెయ్యను.”

“చేసేదాకా నిలబడతాను.”

హాలిస్టర్ నవ్వాడు. ఎంతసేపు నిలబడుతుందిలే అనుకున్నాడు. ఆమె ఏం పని చేసేదో అతనికి తెలియదు. లింకన్ అవెన్యూ రూట్లో బస్సు నడిపిన మనిషికి ఆకలి, దాహం, ఇంకొకటీ ఆపుకోవడం కొత్త కాదు.

పొద్దు ఎక్కింది. ఆమె దించలేదు. రెండు చేతులతో అంచుల దగ్గర పట్టుకుని, పొట్టకి ఎదురుగా పెట్టుకుని నిలబడింది. కాగితం నలగకుండా వేళ్ళు మాత్రం అప్పుడప్పుడు మార్చేది. హాల్లో కబురు పాకింది. ఒకడొచ్చి చూసి పోతాడు, ఇంకొకడొస్తాడు. వంటగదిలోంచి బంగాళదుంప అట్ల వాసన వచ్చింది. నేనో ప్లేటు తెచ్చి, యాపిల్ గుజ్జు అద్ది, ముక్కలు ఆమె నోటికందించాను.

“పెళ్ళైన కొత్తలో మా ఆయన కూడా ఇలా తినిపించలేదు,” అంది.

“మింగు, మాట్లాడకు. గుజ్జు పోస్టర్ మీద పడితే హాలిస్టర్ గుండాగి చస్తాడు.”

“నా గుండెకేం ఫర్వాలేదు,” అన్నాడు హాలిస్టర్, “ఆవిడ మోకాళ్ళ సంగతి చూడు.”

“నా మోకాళ్ళు విస్కాన్సిన్‌వి బాబూ. ఆగకుండా పనిచేస్తాయి.”

మధ్యాహ్నం డాక్టర్ ప్రూయిట్ వచ్చాడు. పళ్ళ డాక్టరు, పెద్దమనిషి, మెత్తగా మాట్లాడతాడు. కార్బైడ్ సెయింట్స్ అంటే ప్రాణం. ఇంటి అడుగుగదిలో ఒక గోడ పొడుగునా ఆ బృందం పోస్టర్లన్నీ ఒకే కొలత పటాల్లో వరసగా కట్టించుకున్నాడు. మిల్వాకీ పోస్టర్ ఒక్కటే తక్కువ. సంగతంతా విని ఆయన నొచ్చుకున్నాడు. ఆ గోడ దగ్గర నిలబడి ఆయన ఎన్నేళ్ళు ఆ ఖాళీ చూసుకున్నాడో పాపం.

“అమ్మా, ఒక మాట చెప్పనా? మీకు కావలసింది కింది పేరు. నాకు కావలసింది పైది. నా పటాల కొలతకి ఎలాగూ ఈ అడుగు తీసేయాల్సిందే. నేను కొనుక్కుంటాను, నా ముందే జాగ్రత్తగా కోయించి, ఆ ముక్క మీ చేతిలో పెడతాను. ఒక్క పైసా వద్దు. ఇద్దరికీ దక్కుతుంది.”

చుట్టూ చేరినవాళ్ళు బాగుందన్నారు. ఇంతకంటే న్యాయం ఏముంటుందన్నాడు హాలిస్టర్. నేనూ ఒక్క క్షణం, పోనీలే, తీరిపోతుంది అనుకున్నాను. లొరెటా తల అడ్డంగా ఊపింది.

“డాక్టరుగారూ, మీరు మంచివాళ్ళు. కానీ ఆ ముక్క తీసుకెళ్ళి మా అక్క ముందు పెడితే ఏమంటుందో తెలుసా? ఏ కొట్లో అచ్చేయించావే అంటుంది. మా అక్క ఆ రాత్రి సెయింట్స్‌కి ముందు వాయించింది. ఆ పేరు సెయింట్స్ పేరు కిందే ఉండాలి. విడదీస్తే అది పేరు కాదు, కాగితం ముక్క.”

డాక్టరు కోటు విప్పి కుర్చీ వెనక వేసుకుని, ఆమె దించితే తీసుకుందామని పక్క బల్ల దగ్గర కూర్చున్నాడు. ఆయన పట్టు ఆయనది.

హాల్ సాయంత్రం నాలుగింటికి మూస్తారు. మూసేటప్పుడు ఎవరి సరుకు వాళ్ళు పెట్టెల్లో సర్దుకోవాలి, అప్పుడు చేతి రివాజు చెల్లదు. ఆ సంగతి అందరికీ తెలుసు. హాలిస్టర్ గడియారం వంక చూడటం మొదలుపెట్టాడు. లొరెటా ఒంటి బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చుకుంటోంది, విస్కాన్సిన్ మోకాళ్ళైనా సరే.

“క్లెమ్,” అంది నెమ్మదిగా, “మా అక్కకి ఫోన్ చెయ్యి. ఇది నాకు దక్కినా దక్కకపోయినా, అక్క దీన్ని కళ్ళతో చూడాలి.”

చేశాను. వెర్నా చాలాసేపటికి ఎత్తింది.

“వెర్నా, నేను క్లెమ్‌ని. వెంటనే హాలుకి రా. పోస్టర్ దొరికింది.”

“ఏ పోస్టర్?”

“ఏదో నీకు తెలీదూ? నీ పేరున్నది.”

“దానికి మతి పోయిందంటే నీకూ పోయిందా? బయట మంచు చూశావా? నాకు నడుం నొప్పి. సూప్ పొయ్యి మీదుంది.”

“పొయ్యి ఆర్పేసి రా.”

“అది చెప్పమంటే నువ్వు చెబుతున్నావు. చిన్నప్పట్నుంచీ అంతే, ఎవర్నో ఒకర్ని సాక్ష్యానికి తెచ్చుకుంటుంది.”

నాకు ఒళ్ళు మండింది. “ఇదిగో వెర్నా, మీ చెల్లెలు పొద్దుట్నుంచీ కూర్చోలేదు, మంచినీళ్ళకి కూడా కదల్లేదు. నా కళ్ళద్దాలు నా ముక్కు మీదున్నాయి. నేను చదువుతున్నాను, విను. కార్బైడ్ సెయింట్స్. దాని కింద స్కైలైట్ బాల్‌రూమ్. దాని కింద తేదీ. అడుగున, టిన్ స్పారోస్. నేను కూడా అబద్ధాలకోరునేనా?”

అవతల గిన్నె మీద మూత పెట్టిన చప్పుడు వినిపించింది.

“పేరు తప్పుల్లేకుండా వేశారా?” అంది వెర్నా చివరికి.

“ఏంటి?”

“ఏం లేదు. వస్తున్నా,” అని పెట్టేసింది.

బస్సులో వచ్చింది. ఆదివారం బస్సులు అరకొరగా తిరుగుతాయి, పైగా మంచు. మిగతావాళ్ళు పెట్టెలు సర్దుకుంటూ ఉండగా తలుపు తోసుకుని లోపలికొచ్చింది. పొడుగాటి మనిషి, నైటీ మీదే కోటు వేసుకుని, మంచు బూట్లతో, నెత్తిన ఊలు టోపీతో. ఎవర్నీ పలకరించలేదు. నేరుగా చెల్లెలి ముందుకొచ్చి నిలబడింది.

లొరెటా పోస్టర్ని కొంచెం ముందుకి వంచింది.

వెర్నా కోటు జేబులో కళ్ళద్దాల కోసం తడుముకుంది. దొరకలేదు. నావి తీసి ఇచ్చాను. పెట్టుకుని, నడుం నొప్పి సంగతి మరిచిపోయి, వంగి, కింది అంచు దగ్గర మొహం పెట్టింది. కదులుతున్న పెదాలు కనిపించాయి. ఆ చిన్న ముక్క చదవడానికి అంతసేపు పట్టదు. మళ్ళీ మళ్ళీ చదువుతోందని అర్థమైంది. హాల్లో పెట్టెలు కట్టే టేపు చప్పుడు కూడా ఆగిపోయింది.

నడుం ఎత్తి నిలబడింది.

“అక్షరాలు మరీ చిన్నవి,” అంది.

“చిన్నవే అక్కా.”

“గెబ్‌హార్ట్ వేయించాడన్నమాట.”

“వేయించాడు.”

“నువ్వు నిజమే చెప్పావు, లొరీ.” వెర్నా నెత్తి మీది ఊలు టోపీ తీసేసింది. “నువ్వు నిజం చెబితే నేనింతకాలం నిన్ను ఎత్తిపొడిచాను. ఎవరినో తిట్టుకుని డ్రమ్స్ అమ్మేశాను. ఇంత వెధవ పని చేశానేమిటే నేను.”

లొరెటా ఏడ్చింది. రెండు చేతులూ పోస్టర్‌కి అంకితం కాబట్టి కళ్ళు తుడుచుకునే వీలు లేక భుజానికి మొహం రుద్దుకుంది. తర్వాత పెద్దగా ఊపిరి తీసుకుని డాక్టరువైపు తిరిగింది.

“అయిపోయింది డాక్టరుగారూ. నాకు కావలసింది దొరికింది. తీసుకోండి. కొయ్యడం మాత్రం నా ఎదురుగా వద్దు.”

పోస్టర్ని బల్లవైపు వంచింది. ఆమెకి నిజంగానే ఇక అక్కర్లేదని నాకు తెలిసింది. జీవితమంతా దాని కోసం తిరిగింది, తీరా దొరికితే దాని పని తీరిపోయింది. హాలిస్టర్ చెయ్యి చాచాడు. డాక్టరు కుర్చీలోంచి లేచాడు.

కాగితం బల్లకి తగిలేలోపు వెర్నా కింద నుంచి రెండు చేతులూ పెట్టి ఆపింది.

“దించకు.”

“అక్కా?”

“నువ్వెళ్ళి ముందు బాత్రూమ్‌కి పోయి రా. తర్వాత ఏమైనా తిను. నేను పట్టుకున్నాను.”

“హాల్ మూసేస్తున్నారు తల్లీ,” అన్నాడు హాలిస్టర్.

“మూసుకోండి. నన్ను లోపల పెట్టి మూసుకోండి,” అని వెర్నా ఒక మడత కుర్చీని కాలితో లాక్కుని, పోస్టర్ ఒళ్ళో నిటారుగా పెట్టుకుని కూర్చుంది. లొరెటా చేతులు వదిలింది. ఆ వేళ్ళు చాలాసేపు తిన్నగా రాలేదు. గోడ పట్టుకుని బాత్రూమ్ వైపు నడిచింది.

హాలిస్టర్ డాక్టరు మొహంలోకి చూశాడు. డాక్టర్ ప్రూయిట్ కోటు తొడుక్కుంటున్నాడు.

“వార్డ్, నువ్వు నాకిచ్చిన మాట నేను వాపసు ఇస్తున్నాను,” అన్నాడు. “నాకు కోసిందైనా సరిపోతుంది, ఎప్పుడో ఒకటి దొరక్కపోదు. ఇది కోస్తే నాకు ఆ గోడవైపు చూడబుద్ధి కాదు. పైగా ఈవిడ వచ్చి మా అడుగుగదిలో కూర్చుంటుందని భయంగా ఉంది.”

వెర్నా ఆయనకేసి చూసి, “కూర్చునేదాన్నే,” అంది.

హాలిస్టర్‌కి ఇక కొనేవాడు లేడు. ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మనిషి మాత్రం ఉంది. అతను ఊరికే ఇచ్చే రకం కాదు, నేను అతన్ని తప్పుపట్టను, దూరం నుంచి పెట్రోలు కాల్చుకుని వచ్చాడు. లొరెటా తిరిగొచ్చాక ఆ నల్ల సంచీ తెరవమన్నాడు. పొద్దున గుడ్డలన్నవాటిని ఒక్కొక్కటే వెలుగుకి పెట్టి చూశాడు. చూస్తున్నకొద్దీ ముఖం మారింది. అంత నిండు పోస్టర్లు ఒక్కచోట అతను చూసి ఉండడు. సంచీ మొత్తం అడిగాడు.

“కొన్ని ఉంచుకో లొరెటా,” అన్నాను నేను. “బేరమాడు.”

“తీసుకోనీ.”

“అన్నీనా? ఒక్కటైనా మిగుల్చుకోవా?”

“వాళ్ళ కోసం కూడా ఎవరో ఒకరు వెతుకుతుంటారు,” అంది. సంచీ అతని చేతికిచ్చి, “అడుగు కొయ్యకు. కొనేవాళ్ళకి కూడా చెప్పు,” అంది. ఇలినాయ్ మనిషైనా, సరేనన్నాడు.

మంచులో బస్సెక్కనివ్వకుండా నేనే నా వ్యానులో ఇద్దర్నీ తీసుకెళ్ళాను. పోస్టర్‌ని రెండు అట్టల మధ్య పెట్టిచ్చాను. వెర్నా వెనక సీట్లో కూర్చుని, అట్టలు కట్టిన దారం అప్పుడే విప్పేసి, ఒళ్ళో పరుచుకుంది. నా కళ్ళద్దాలు ఇంకా ఆమె దగ్గరే ఉన్నాయి. అవి లేకుండా నేను ఆ మంచులో ఎలా నడిపానో దేవుడికే తెలియాలి. వీధి దీపం దాటినప్పుడల్లా వంగి చదువుతోంది. పక్కన లొరెటా నిద్రకి తూలుతోంది. కాసేపటికి తేరుకుని చెయ్యి చాచింది.

“ఇలా ఇవ్వక్కా, కాసేపు నేను పట్టుకుంటాను. నీకు నడుం నొప్పి కదా.”

వెర్నా పోస్టర్ని తనవైపు జరుపుకుంది.

“నువ్వు పదకొండేళ్ళప్పుడే చూశావే,” అంది. “నేను ఇవాళే చూస్తున్నాను. ఉండు, నన్ను చూసుకోనీ.”